మరిది వాకిట్లో మంచు

అక్టోబరు మూడో వారంలో ఒక పొద్దున, మార్లిస్ కాఫీ కప్పు చేత్తో పట్టుకునే కొట్టంలోకి వెళ్ళింది. ముందురోజు లారీ దించి వెళ్ళిన మంచు చిమ్మే యంత్రం చెక్కపలకల మీద కూర్చుని ఉంది. ఐదడుగుల వెడల్పు, ఎర్ర రంగు, నోట్లో మెలితిరిగిన ఇనుప రెక్కలు, నెత్తిన ఎటు కావాలంటే అటు తిరిగే గొట్టం. దాని పక్కనే వేసవంతా గడ్డి కోసిన చిన్న ట్రాక్టరు.

భర్త రెయినో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తుంటి ఎముక అరిగిపోయి రెండేళ్ళయింది. ట్రాక్టరు ఎక్కలేడు. ఎక్కేవాళ్ళకి సలహాలు మాత్రం చెప్పగలడు.

"ఇది వెనక తగిలించే రకం. వాకిలంతా వెనక్కి నడుపుతూ తియ్యాలి. మెడ పట్టేస్తుంది నీకు," అన్నాడు.

"పట్టనీ."

"ముందు తగిలించేది తెచ్చుకోవాల్సింది."

"కొట్లో అదీ చూపించారు. ఇరవై ఐదు అడుగులకి మించి చిమ్మదట. ఇది నలభై."

"మన వాకిలికి నలభై అడుగులెందుకే?"

మార్లిస్ తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి చూసింది. వాళ్ళ వాకిలి పక్కన వరుసగా స్ప్రూస్ చెట్లు, మనిషంత ఎత్తున. వాటికి అవతల మరిది డేల్ ఇంటి దారి.

"ఎందుకో నీకు తెలుసు," అంది.

రెయినో చేతికర్రతో నేలమీద గీతలు గీశాడు.

ఆ సంగతి పెద్ద సరస్సు ఒడ్డునున్న కీవినాలో ఆ దారి వెంట ఉన్న వాళ్ళందరికీ తెలుసు. పంతొమ్మిదేళ్ళుగా, మంచు పడిన ప్రతి పొద్దునా డేల్ తన పికప్పు బండికి ముందు మంచు నెట్టే బ్లేడు దించి అన్న వాకిలి కూడా తీసేవాడు. అడగక్కర్లేదు. వాళ్ళు లేచేసరికి దారి తెరిచి ఉండేది. మార్లిస్ శనివారం శనివారం యాలకుల రొట్టె చేసి పంపేది. అంతే లెక్క.

కిందటి ఫిబ్రవరిలో ఒక్కరోజు డేల్ రాలేదు.

ఆ పొద్దున ఐదున్నరకి వృద్ధాశ్రమం నుంచి ఫోను. "మీ అమ్మగారు మధ్యాహ్నం దాకా ఉండకపోవచ్చు. మిమ్మల్నే అడుగుతున్నారు." మార్లిస్ తలుపు తీస్తే నడుం దాకా మంచు. వంద గజాల వాకిలి. సరస్సు మీదినుంచి గాలి ఇంకా తోలుతూనే ఉంది. డేల్ అప్పటికే పట్నంలో చర్చి ముందు మంచు తియ్యడానికి వెళ్ళిపోయాడు. ఫోను అందలేదు. అతని భార్య బెర్నీస్ ఊళ్ళో లేదు. ఇంకో ఇద్దరికి ఫోన్ చేస్తే వాళ్ళ వాకిళ్ళే తెరుచుకోలేదు. మార్లిస్ పార పట్టుకుంది. నాలుగు గంటలు తవ్వింది. చెట్ల అవతల డేల్ వాకిలి నేల కనిపించేంత శుభ్రంగా ఉంది. పోయే ముందు తన దారి తాను తీసుకునే వెళ్ళాడు.

ఆమె వృద్ధాశ్రమానికి చేరేసరికి పది దాటింది. తల్లి ఐలీ తొమ్మిదింటికి పోయింది. "మార్లిస్ వచ్చిందా, వచ్చిందా అని తలుపు వైపే చూశారండీ," అంది నర్సు.

అంత్యక్రియల రోజు డేల్ టోపీ చేత్తో పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. నోరు తెరిచేలోపు ఆమె మొహం తిప్పుకుంది. నేల గడ్డకట్టి ఉన్నందువల్ల శవపేటికను మే నెల దాకా శ్మశానం గదిలోనే ఉంచారు. మేలో పాతిపెట్టినప్పుడు కూడా మార్లిస్ కళ్ళలో చుక్క నీరు లేదు. ఆ సాయంత్రమే వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ట్రాక్టరుకి ఏమేం కావాలో జాబితా రాసింది.

అక్టోబరంతా, నవంబరులో సగం, ఆమెకి కొట్టమే ఇల్లయింది. వెనక చక్రాలకి గొలుసులు బిగించింది. వెనక వేలాడే బరువుకి ముందు చక్రాలు తేలిపోకుండా ఎదుట మట్టి ఎత్తే పెద్ద ఇనుప బకెట్టు తగిలించింది. తలమీదికి అద్దాల క్యాబు ఎక్కించింది. చలికి ఇంజిను మొరాయించకుండా వెచ్చబెట్టే హీటరు పెట్టించింది. చలికాలపు డీజిలు డబ్బాలు వరుసగా పేర్చింది. రాయి తగిలినప్పుడు యంత్రం విరక్కుండా తామే తెగిపోయే చిన్న బోల్టులు ఉంటాయి. అవి రెండు డజన్లు కొని సీసాలో పోసి పెట్టుకుంది.

"రెండు డజన్లా? రెయినో, మీ ఆవిడ మంచు తీస్తుందా, కొండ తవ్వుతుందా?" అన్నాడు దుకాణదారు.

రెయినో నవ్వలేదు. ఇంటికి వచ్చే దారిలో మెల్లగా అన్నాడు. "మార్లిస్, గాలి పడమటి నుంచి వస్తే మంచు అవతలికి పడుతుంది. గొట్టం ఇటువైపు తిప్పుకుంటే..."

"ఇటువైపు తిప్పను."

"వాడు నా తమ్ముడే."

"చచ్చిపోయింది నా తల్లి."

ఆ తర్వాత అతను ఆ మాట ఎత్తలేదు. గ్రీజు పెట్టాల్సిన చోట్లు చూపించాడు, బోల్టులు అందించాడు. రాత్రిళ్ళు నిద్ర పట్టక దొర్లేవాడు. తుంటి నొప్పి అనుకుంది మార్లిస్.

నవంబరు ఆఖరున మంచు దిగింది. మొదటి పొద్దున డేల్ ఐదింటికే తన వాకిలి తీసుకుని లోపలికి వెళ్ళేదాకా ఆమె ఆగింది. ఏడింటికి ట్రాక్టరు తీసి, మెడ వెనక్కి తిప్పి, గొట్టాన్ని స్ప్రూస్ చెట్ల మీదుగా గురిపెట్టింది. మంచు తెల్లటి తోరణంలా లేచి చెట్లు దాటి డేల్ వాకిట్లో పడింది. వంద గజాలూ. చివరికి వచ్చాక, ఎన్ని నెలల తర్వాతో హాయిగా ఊపిరి తీసుకుంది.

డేల్ బయటికి వచ్చాడు. తన వాకిలి చూసుకున్నాడు. ఆమె వైపు చూశాడు. తిట్టలేదు, చెయ్యి ఊపలేదు. బండెక్కి మళ్ళీ మొదటినుంచి తీశాడు.

అది ఆమెని ఇంకా మండించింది. తప్పు చేసినవాడు కాబట్టే నోరు లేవడం లేదనుకుంది. మంచు పడిన ప్రతిసారీ అదే చేసింది. జనవరి వచ్చేసరికి డేల్ వాకిలికి రెండు పక్కలా గోడలు లేచాయి. బ్లేడుతో నెడదామంటే నెట్టడానికి చోటు లేదు. దారి సన్నబడి పికప్పు అద్దాలు గీసుకుపోయేవి. అరవై దాటిన మనిషి పార తీసుకుని, తలకి మించిన ఎత్తుకి మంచు విసిరేవాడు. మార్లిస్ వంటింటి కిటికీలోంచి చూస్తూ కాఫీ తాగేది.

"నాలుగు గంటలు పట్టింది ఇవాళ," అందొకరోజు తృప్తిగా. "లెక్కపెట్టా."

రెయినో కుర్చీలోంచి లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయాడు.

జనవరి మూడో శనివారం ఉదయం బెర్నీస్ వచ్చింది. తలుపు కొట్టలేదు. మంచు బూట్లతోనే వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"అక్కా, ఇంక చాలు."

"ఏం చాలు?"

"రాత్రి ఆయన కుడి చెయ్యి పైకి లేవలేదు. చొక్కా నేను విప్పాను. ఇంకా ఎన్నాళ్ళు తవ్విస్తావు ఆయన చేత?"

"మా అమ్మ ఇంకా ఎన్నాళ్ళు బతికేదో అన్నాళ్ళు," అంది మార్లిస్. "వెళ్ళి మీ ఆయన్ని అడుగు. ఆ పొద్దున తన వాకిలి తీసుకున్నవాడికి పక్క వాకిలి కనపడలేదా? కళ్ళు పోయాయా? పంతొమ్మిదేళ్ళు తీసి ఆ ఒక్కరోజే ఎందుకు మానేశాడు?"

"ఎందుకు మానేశాడా?" బెర్నీస్ మొహం ఎర్రబడింది. "నీకు ఇంకా తెలియదా?"

"ఏం తెలియదు?"

బెర్నీస్ ఆమెను వదిలేసి, బల్ల దగ్గర కూర్చున్న రెయినో వైపు తిరిగింది. "ఏడాది కావస్తోంది బావగారూ. మీరే చెబుతారని చూశాను. ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. 'వాళ్ళింట్లో అన్న పరువు పోతుంది, నువ్వు నోరు తెరవకు' అన్నాడు. మీరు చెప్పకపోతే ఇవాళ ఒట్టు పోయినా సరే, నేను చెబుతాను."

రెయినో చేతులు బల్లమీద పెట్టుకుని వాటి వంకే చూశాడు.

"నేనే రావద్దన్నాను," అన్నాడు.

మార్లిస్ వచ్చి బల్లకి ఎదురుగా నిలబడింది.

"దానికి ముందు శనివారం ఆవిరి స్నానానికి సౌనాలో అందరం ఉన్నాం. వాడు ఏదో వేళాకోళం చేశాడు. 'మా అన్న ఇప్పుడు పెళ్ళాం చాటు మొగుడు, కట్టెలు కూడా ఆవిడే కొడుతోంది' అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఫోన్ చేసి, నా వాకిట్లో నీ బ్లేడు పెడితే ఊరుకోను, మా మంచు మేం తీసుకుంటాం అన్నాను. రెండుసార్లు అన్నాను. కోపం తగ్గాక చెబుదాంలే అనుకున్నా. ఈలోగా..."

"ఆ పొద్దున నువ్వు ఇంట్లోనే ఉన్నావు."

"ఉన్నాను."

"నేను తవ్వుతుంటే."

"ఆ కిటికీ దగ్గరే నిలబడ్డాను. అప్పుడు చెప్పలేకపోయాను మార్లిస్. తర్వాత చెప్పే దారి కూడా లేకపోయింది."

"వాడి మీదికి ఎక్కుపెట్టడానికి నాకు బోల్టులు అందించావు," అంది ఆమె. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "నీ చేత్తో."

కోటు తగిలించుకుని బయటికి నడిచింది.

రాత్రంతా పడిన మంచు వాకిట్లో అడుగున్నర ఉంది. వాకిలి మధ్యలో రెయినో పికప్పు. రోజూ పొద్దున అందులోనే పట్నం వెళ్ళి స్నేహితులతో కాఫీ తాగి వస్తాడు. మార్లిస్ ట్రాక్టరు తీసింది. గొట్టాన్ని స్ప్రూస్ చెట్ల మీదినుంచి ఇటు తిప్పింది. పికప్పు చుట్టూ తిరుగుతూ వాకిట్లో మంచంతా దాని మీదికే చిమ్మింది. ముందు చక్రాలు మునిగాయి, తర్వాత తలుపులు, అద్దాలు. అరగంటలో అక్కడ బండి ఉందని కొత్తవాళ్ళకి చెప్పినా నమ్మరు.

రెయినో గుమ్మంలోకి వచ్చాడు. ఆమె దిగి, కొట్టంలోంచి పార తెచ్చి అతని ముందు నిలబెట్టింది.

"తవ్వు."

"మార్లిస్..."

"ఆ రోజు నువ్వు చూశావు. ఇవాళ నేను చూస్తాను. తవ్వు."

ఆమె క్యాబులోకి ఎక్కి తలుపు వేసుకుంది. రెయినో చేతికర్ర గోడకి ఆనించాడు. పార తీసుకున్నాడు. ఒక్కో పారకీ ఆగి, తుంటి మీద చెయ్యి వేసుకుని, మళ్ళీ వంగాడు. ఆమె అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. జాలి పడకూడదని పళ్ళు బిగించింది. బెర్నీస్ తన ఇంటివైపు పరిగెత్తింది.

కాసేపటికి స్ప్రూస్ చెట్లు తోసుకుంటూ డేల్ వచ్చాడు. కుడి చెయ్యి ఒంటికి అంటిపెట్టుకుని, ఎడంచేత్తో పార ఈడ్చుకుంటూ. అన్న పక్కన నిలబడి, ఒంటిచేత్తో మంచు తియ్యడం మొదలుపెట్టాడు.

మార్లిస్ తలుపు బార్లా తీసింది. "నువ్వెందుకు? నీ తప్పేం లేదటగా! పో ఇంటికి!"

"ఎవరన్నారు లేదని?" అన్నాడు డేల్. ఊపిరి అందడం లేదు అతనికి. "ఆ పొద్దున మీ గేటు ముందు బండి ఆపాను వదినా. నడుం దాకా ఉంది. మీ అమ్మకి బాగాలేదనీ తెలుసు. అన్న వద్దన్నా దిగి తియ్యాల్సింది. తిడితే తిట్టనీ అనుకోవాల్సింది. తనే ఫోన్ చేసి బతిమాలితే అప్పుడు తీద్దాంలే అనుకున్నా. బండి వెనక్కి తిప్పుకున్నా. అందుకే నువ్వు పోసినంతా తవ్వుకున్నాను. ఇంకా పోసినా తవ్వుకునేవాడినే."

"తప్పు చేశావు కాబట్టి నేనంటే భయపడి ఊరుకున్నావనుకున్నా," అంది మార్లిస్.

"భయమేలే, కొంచెం," అన్నాడు డేల్. "నలభై అడుగులు చిమ్ముతోంది అది."

ఆమెకి నవ్వు రాబోయింది. అది నవ్వు కాకుండా పోయింది. ఇంజిను ఆపేసింది. స్టీరింగు మీదికి వంగింది. పదకొండు నెలల నుంచి రానిది ఒక్కసారిగా వచ్చింది. "అమ్మా," అంది. "అమ్మా, తవ్వుతూనే ఉన్నానే. వచ్చేస్తున్నానే." గొలుసులు, బరువులు, బోల్టులు, గాజు క్యాబు, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి బిగించుకుంటూ వచ్చింది ఈ ఏడుపు బయటపడకుండా ఉండటానికేనని ఆమెకి అప్పుడు తెలిసింది.

బెర్నీస్ క్యాబు మెట్టెక్కి ఆమె తలని తన కోటుకి అదుముకుంది. కింద రెయినో పార వదిలేసి మంచులోనే కూర్చుండిపోయాడు. డేల్ అతని చంక కింద ఎడమ చెయ్యి వేసి లేపాడు.

"లే అన్నా. చలికి తుంటి ఇంకా బిగుసుకుపోతుంది."

"నన్ను వదిలెయ్."

"వదిలేస్తే వదిన నన్ను కూడా కప్పెడుతుంది."

మార్లిస్ మొహం తుడుచుకుని దిగింది. రెయినో ఎదుట నిలబడింది. అతను తలెత్తలేదు.

"నిన్ను ఇవాళ క్షమించలేను," అంది. "రేపూ కాకపోవచ్చు. కానీ ఆ పొద్దున మా అమ్మ తలుపు వైపే చూసిందని నర్సు చెప్పింది. ఆ మాట నేను ఒక్కదాన్నే మోస్తున్నా. నువ్వూ మొయ్యాలి."

"మోస్తాను," అన్నాడు రెయినో.

ఆమె అతని చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది. రెండోపక్క డేల్ పట్టుకున్నాడు. ముగ్గురూ మెట్లవైపు నడిచారు. వాళ్ళకంటే ముందు లోపలికి వెళ్ళిన బెర్నీస్ అడక్కుండానే పొయ్యి మీద కాఫీ పెట్టి, నాలుగు కప్పులు బల్లమీద పెట్టింది.