నాగదుర్గ వైస్ ప్రెసిడెంట్ అయ్యుంటే

"పరమేశ్ గారాండీ? పద్నాలుగు ఓట్లతో ఓడిపోయారంట కదా."

కౌంటింగ్ అయిన మర్నాడు, అస్కర్ లేబర్ క్యాంపులో పరమేశ్ బట్టలు ఉతుక్కుంటుంటే వచ్చింది ఆ ఫోన్. ఆ గొంతు అతను అంతకుముందు వినలేదు.

"అవును. మీరెవరు?"

"నాగదుర్గనండీ. రిఫాలో ఇంటిపని చేస్తాను. మీరు వద్దనుకున్న వైస్ ప్రెసిడెంట్‌ని."

పరమేశ్ చేతిలోని చొక్కాను బకెట్‌లో వదిలేశాడు.

బహ్రెయిన్‌లోని ఆ తెలుగు కార్మికుల సంఘంలో ప్రెసిడెంటూ వైస్ ప్రెసిడెంటూ జోడీగా నిలబడతారు. ఇద్దరికీ కలిపి ఒకటే ఓటు. ప్రెసిడెంటుకు నిలబడ్డ పరమేశ్‌ది కోరుట్ల దగ్గర ఊరు. కాంట్రాక్టర్ కింద స్కాఫోల్డింగ్, అంటే పరంజా కట్టే పని చేస్తాడు. జోడీ కోసం అతని ముందుకు రెండు పేర్లు వచ్చాయి. ఒకటి మామీర్ క్యాంపు గంగరాజు. రెండోది నాగదుర్గ. ఆమెది అమలాపురం వైపు. ఇళ్ళలో పనిచేసే తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపు నడుపుతుంది. అందులో తొంభై ఒక్కమంది ఉన్నారు.

"ఫోన్ల ఉన్నోళ్ళు ఓట్లెయ్యరన్నా, క్యాంపుల ఉన్నోళ్ళేస్తరు" అన్నాడు రూమ్మేట్ నర్సింగ్. పరమేశ్ గంగరాజు పేరు రాశాడు.

"నన్ను పెట్టుకుంటే గెలిచేవారు" అంది నాగదుర్గ.

"మరి మీరు ఓటేసిన్రా?"

"లేదు."

"మీ గ్రూపోళ్ళు?"

"ఒక్కరూ వెయ్యలేదు."

"ఎందుకు?"

"అదీ తెలీదా మీకు? మేడమ్ పిలుస్తోంది. ఉంటాను."

తన పేరు రాయనందుకు కోపమని పరమేశ్ అనుకున్నాడు.

మూడోరోజు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "సరే, మిమ్ముల పెట్టుకుంటే ఏమయ్యేదో చెప్పుండ్రి."

"డెబ్బై ఏడు ఓట్లతో గెలిచాం. తొంభై ఒకటిలో పద్నాలుగు తీసెయ్యండి."

"గంగరాజు తెచ్చే నలభై పోతయి గద?"

"పోనివ్వండి. ముప్పై ఏడుతో గెలిచాం."

అలా మొదలైంది, ఇద్దరూ ఫోన్లో అల్లుకున్న ఆ రెండో చరిత్ర. అందులో సంఘానికి మనామాలో ఒక గది దొరికింది. పాస్‌పోర్టు పోయినవాళ్ళు ఆ గదికి వచ్చారు. ప్రెసిడెంటూ వైస్ ప్రెసిడెంటూ ఒకే కారులో క్యాంపులు తిరిగారు.

"సిత్రా క్యాంపుకి వెళ్ళేటప్పుడు ఏసీ తగ్గించమంటే తగ్గించలేదు మీరు. రెండు రోజులు మాట్లాడలేదు నేను."

"చలైతుందని నోటితో చెప్పాలె."

"చెప్పాను. మీరు పాటలు వింటున్నారు."

"గట్లయితే తప్పు నాదే. డ్రైవర్ సీట్ల ఎవరున్నరు?"

"నేనేనండీ. మీకు లైసెన్సెక్కడుంది?"

అస్కర్ క్యాంపులో పరమేశ్ ఉండే గదిలో ఎనిమిది మంచాలు. డ్యూటీ నుంచి వచ్చాక ఏడుగురు ఏడు ఫోన్లలో ఇళ్ళతో మాట్లాడేవాళ్ళు. పరమేశ్ తల్లి పోయాక ఊళ్ళో అతను రోజూ ఫోన్ చేయాల్సిన మనిషి లేదు. అన్న ఉన్నాడు. పండక్కి మాట్లాడతాడు. పరమేశ్ నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని, జరగని ఎన్నిక గురించి మాట్లాడేవాడు.

ఐదుసార్లు అడిగాడు. "శుక్రవారం మనామా వస్తరా? ఛాయ్ తాగుదాం."

"శుక్రవారం కుదరదండీ."

ఐదోసారి తర్వాత అడగలేదు. కారులో కొట్లాడటం ఇష్టమే, ఎదురుగా కూర్చోవడం ఇష్టం లేదు అని అర్థం చేసుకున్నాడు. ఆ తర్వాత శుక్రవారాలు మంచం మీద గడిపాడు. నర్సింగ్ బజారుకు పిలిస్తే, ఉతకాల్సిన బట్టలున్నాయనేవాడు.

రెండేళ్ళు గడిచాయి. మళ్ళీ నామినేషన్లు వచ్చాయి. పరమేశ్ ఫోన్ చేశాడు.

"ఈసారి వైస్ కింద మీ పేరు రాస్తున్న."

"రాయకండి. ఇరవయ్యో తారీఖు వెళ్ళిపోతున్నాను. వీసా రెన్యువల్ వద్దన్నాను."

అంటే పన్నెండు రోజులు.

"ఎందుకు పోతున్నరు?"

"ఇక్కడ నాకెవరున్నారండీ?"

"నేను ఐదుసార్లు పిలిచిన. మీరే రాలె."

"ఏ రోజు పిలిచారు?"

"శుక్రవారం."

"పోలింగ్ ఏ రోజు పెట్టారు?"

"శుక్రవారమే."

"శుక్రవారం క్యాంపులకి సెలవు. ఇళ్ళకి కాదు. ఆ రోజు మా మేడమ్ అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు అందరూ భోజనానికొస్తారు. ముప్పైమందికి వంట. తొంభై ఒక్కమందీ అంతే, ఆ రోజు గుమ్మం దాటరు. నాకు సెలవు సోమవారం. మూడు నుంచి ఐదు దాకా."

నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చున్న పరమేశ్ లేచి నిలబడ్డాడు.

"నన్ను పెట్టుకునుంటే ముందు పోలింగ్ రోజు మార్పించేదాన్ని. మీకు తట్టలేదు సరే. మరి ఏ రోజు కుదురుద్ది అని ఒక్కసారైనా అడిగారా?"

"మీరెందుకు చెప్పలె?"

"అడుగుతారని చూశాను."

సోమవారం పరమేశ్ డ్యూటీకి సెలవు పెట్టాడు. "జ్వరమా?" అన్నాడు నర్సింగ్. "కాదు" అన్నాడు పరమేశ్. రిఫాలో ఆమె చెప్పిన కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు ముందు రెండున్నరకే నిలబడ్డాడు. ఆమె ముఖం అతనికి తెలియదు. వాట్సాప్ ఫొటోలో మందారపువ్వు ఉండేది.

మూడూ పదికి ఒకామె రోడ్డు దాటి వచ్చింది. కొట్టు అద్దంలో చున్నీ సర్దుకుంది.

"నామినేషన్ వేశారా?"

గొంతు గుర్తుపట్టాడు.

"వెయ్యలె."

"అయ్యో, అదేంటండీ! ఈసారి గెలిచేవారు."

"గెలిస్తె కార్ల ఒక్కన్నే తిరగాలె."

ఆమె రోడ్డువైపు చూసింది. ఒక వాటర్ ట్యాంకర్ వెళ్ళేదాకా ఇద్దరూ ఆగారు.

"నాగదుర్గా, రెండేండ్లు ఉత్తుత్తిగ కొట్లాడినం" అన్నాడు పరమేశ్. "నాకు నిజంగ కొట్లాడాలనుంది. నన్ను చేసుకుంటవా?"

"టికెట్ మార్చుకోను."

"మార్చుకోకు."

"మా ఊరికి మీ అన్నయ్యనీ వదిననీ పంపండి. ఈలోపు మా అమ్మ చూడాలి మిమ్మల్ని."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఐదింటికి నేను లోపలుండాలి."

ఆమె వీడియో కాల్ కలిపింది. తెరమీద ఆమె తల్లి నరసాయమ్మ కనిపించింది. నాగదుర్గ ఫోన్ పరమేశ్ వైపు తిప్పింది.

"నమస్తే అమ్మా" అన్నాడతను. ఇంకేం చెప్పాలో తెలియలేదు.

"ఎవరే ఈ అబ్బాయి?"

"పరమేశ్ గారమ్మా. చెప్పాను కదా, ప్రెసిడెంటు."

"ఓడిపోయాడన్నావు?"

"ఆయనేనే."

నరసాయమ్మ ఫోన్ కళ్ళ దగ్గరకు తెచ్చుకుని చూసింది. "ఎక్కడుంటావు బాబూ?"

"అస్కర్‌ల అమ్మా."

"మీ మేడమ్ ఇంటికి దూరమేంటే అది?"

"కారులో ఇరవై నిమిషాలమ్మా" అంది నాగదుర్గ. "రావడానికి రెండేళ్ళు పట్టింది."

"సరేగానీ, ఎండలో నిలబెట్టావేంటే అబ్బాయిని? చూడు, కళ్ళు చికిలిస్తున్నాడు. నీడలోకి రమ్మను."

కోల్డ్ స్టోర్ గోడ నీడ అడుగు వెడల్పు ఉంది. ఇద్దరికీ చాలదు. నాగదుర్గ పక్కకు జరిగింది. పరమేశ్ వచ్చి ఆమె పక్కన అందులోనే ఇరుక్కుని నిలబడ్డాడు.