వెతకడం మానేసినవాడు

పొద్దున్న ఎనిమిదింటికే అక్క ఉపన్యాసం వల్లె వేయడం మొదలుపెట్టింది. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, పక్కన చల్లారిపోతున్న కాఫీ. ఆమె కేంద్ర బ్యాంకు పరిశోధన విభాగంలో ఆర్థికవేత్త. వడ్డీ రేట్లు పెంచితే ధరలు ఎంత దిగుతాయి, అందుకోసం ఎందరి ఉద్యోగాలు పోతాయి అన్న విషయం మీద రెండేళ్ళు పనిచేసింది. పదకొండింటికి సభ. బ్యాంకు గవర్నరుగారు ముందు వరసలో కూర్చుంటారు.

"రేట్లు పెరిగినప్పుడు పని పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆరు నెలల్లోనే మళ్ళీ పనిలో చేరారు. కాబట్టి ఈ బాధ స్వల్పం, తాత్కాలికం," అని గోడకేసి చూస్తూ అప్పజెప్పింది.

లోపలి గదిలో తమ్ముడు తల్లిని పక్కకు తిప్పి పడుకోబెడుతున్నాడు. పక్షవాతంతో ఆమె కుడివైపు చచ్చుబడి ఏడు నెలలైంది. అతను ఫర్నిచర్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా ఉండేవాడు. వడ్డీలు పెరిగేసరికి ఇళ్ళు కొనేవాళ్ళు తగ్గారు. కొత్త ఇళ్ళు లేనప్పుడు మంచాలూ బీరువాలూ ఎవరు కొంటారు? రెండో షిఫ్టు ఎత్తేశారు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, భార్యతో అక్క ఇంటికి వచ్చాడు. వాళ్ళు వచ్చిన వారానికే అక్క వంటమనిషిని మానిపించేసింది. "మరదలుందిగా. ఊరికే కూర్చుంటే తనకీ తోచదు," అంది.

అప్పుడే మరదలు రొట్టె ముక్కల పళ్ళెం తెచ్చిపెట్టింది. అక్క ఒకటి తీసి, తిరగేసి చూసి, పళ్ళెం అవతలికి నెట్టేసింది.

"మాడ్చావు. తీసెయ్."

తమ్ముడు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "ఆరు నెలలా? నాకు పది నెలలైంది అక్కా."

"నీ ఒక్కడి మొహం చూసి దేశాన్ని నడపరు."

"నాతోపాటు తీసేసిన అరవైమందిలో సగంమంది ఇళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళంతా నీ కాగితాల్లో ఎక్కడున్నారు?"

అక్క లాప్‌టాప్ మీంచి కళ్ళు తిప్పలేదు. "పని వెతుక్కునేవాళ్ళనే నిరుద్యోగులంటారు. వెతకడం మానేసినవాళ్ళని తీసి పక్కన పెడతాం. పద్ధతే అంత. నిజం చెప్పాలంటే నువ్వు నిరుద్యోగివి కూడా కాదురా. అసలు లెక్కలోనే లేవు." తన మాట తనకే ముచ్చటేసినట్టు నవ్వింది.

మరదలి ముఖం ఎర్రబడింది. "ఆయన వెతకడం ఎందుకు మానేశారో మీకు తెలీదా వదినా?"

"ఎందుకు తెలీదూ? వేళకింత తిండి దొరుకుతోంది కనక."

గదిలోంచి తల్లి ఏదో గొణిగింది, అర్థం కాలేదు.

"రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది," అన్నాడు తమ్ముడు చివరికి. గొంతు పెంచలేదు. "అమ్మని ఎత్తేవాళ్ళు లేరని వెళ్ళలేదు. 'కొన్నాళ్ళు నువ్వు చూడరా, నాకీ పని అయిపోనీ' అని బతిమాలింది నువ్వే."

"నేనేమన్నా నీ కాళ్ళు కట్టేశానా? వెళ్ళాల్సింది."

"సరే. వెళ్తున్నాను."

పావుగంటలో రెండు సంచులు గుమ్మంలోకి వచ్చాయి. అతను తల్లి మీదికి వంగి చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ ఎడమచేత్తో చొక్కా పట్టుకుంటే, వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుని బయటికి నడిచాడు. మరదలు వెనక్కి తిరిగి చూడలేదు.

'నాలుగు రోజులైతే వాళ్ళే వస్తారు' అనుకుంది అక్క. ఏజెన్సీకి ఫోన్ చేసి ఒక ఆయాను పిలిపించి, సభకు వెళ్ళిపోయింది.

ఉపన్యాసం బ్రహ్మాండంగా సాగింది. చివర్లో, వెనక వరసలోంచి ఒక ముసలి ప్రొఫెసరు లేచాడు. "వెతకడం మానేసినవాళ్ళు ఎక్కడికి పోయారమ్మా? ఏం చేస్తున్నారు?"

వాళ్ళ సంఖ్య చాలా చిన్నదని చెప్పబోయింది. కానీ తను లెక్కలోంచి తీసేసినవాళ్ళు ఎంతమందో తనకు తెలుసు. నాలుగో వంతు. "నియమం ప్రకారం వాళ్ళని మినహాయించాం," అంది. సభ చప్పట్లు కొట్టింది. ప్రొఫెసరు మాత్రం నిలబడే ఉన్నాడు.

మూడింటికి ఇల్లు చేరేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయా లేదు. 'ఈ బరువు నేను ఎత్తలేను మేడమ్' అని ఫోన్‌లో సందేశం పెట్టింది. తల్లి మంచానికీ గోడకీ మధ్యకి జారిపోయి, తడిసిన బట్టల్లో ఇరుక్కుని ఉంది. కూతుర్ని చూసి ఒక్కటే అడిగింది, ముద్దముద్దగా.

"వాడేడీ?"

అక్క లాగింది. ఎత్తబోయింది. తల్లి బాధతో అరిచింది. తమ్ముడికి ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు.

"అమ్మ గోడ పక్కకి జారిపోయిందిరా! నా వల్ల కావట్లేదు..."

"ఏడవకు. ఏడుస్తూ ఎత్తితే ఇద్దరూ పడతారు. స్పీకర్ పెట్టు. ముందు మంచం జరిపి అమ్మని కూర్చోబెట్టు. కుడిచెయ్యి పట్టుకుని లాగకు, భుజం ఊడొస్తుంది. నీ మోకాళ్ళు అమ్మ మోకాళ్ళకి ఆనించి నడుం చుట్టూ పట్టుకో. అమ్మా, నేనమ్మా! ఎడమకాలు నేలకి గట్టిగా ఆనించు. ఒకటి, రెండు..."

నాలుగో ప్రయత్నానికి తల్లి మంచం మీదికి వచ్చింది. అక్క తడిబట్టలు విప్పి, వీపు తుడవడానికి పక్కకు తిప్పింది. అలాగే ఆగిపోయింది. ఏడు నెలలుగా మంచంలో ఉన్న మనిషి. వీపు మీద ఒక్క పుండు లేదు. ఒక్క మచ్చ లేదు. రోజుకి ఎన్నిసార్లు, ఇన్నాళ్ళలో ఎన్ని వేలసార్లు తిప్పి ఉంటాడు? తను పక్క గదిలో కూర్చుని, బాధ స్వల్పమని రాసుకుంటున్నప్పుడు! ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

"పొద్దున్న నేనన్న మాట..."

"అన్నావు. విన్నాం."

"తప్పయిపోయిందిరా. ఇద్దరూ వచ్చెయ్యండి."

"మేం రాం. తెలిసిన మేస్త్రీ సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నాడు. ఈ రెండు రోజుల్లో ఆ పని దగ్గరే గది చూసుకుని అమ్మని తీసుకెళ్తాం. మధ్యమధ్యలో వచ్చి నేనే తిప్పుతాను."

"అమ్మ నా దగ్గర ఉండదా?"

"నిన్ను అడగట్లేదు. చెబుతున్నాను."

తల్లి కళ్ళు ఫోన్ మీదే ఉన్నాయి. అక్క చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను వచ్చి చూడొచ్చా మరి?"

అవతల మరదలు మెల్లగా ఏదో అనడం వినిపించింది.

"ఆదివారాలు రా," అన్నాడు తమ్ముడు. "చుట్టంలా కూర్చుని పోతానంటే కుదరదు. ఆ రోజు అమ్మ స్నానం నీదే. ఎలా చేయించాలో మా ఆవిడ చూపిస్తుందట."

"చేయిస్తాను. తను ఎలా చెబితే అలా చేస్తాను."

"ముందు ఐదింటికి అమ్మని అటు పక్కకి తిప్పు. మర్చిపోకు," అని ఫోన్ పెట్టేశాడు.