ఏడో మగ్గం, రెండో సెషన్

గుడియాత్తంలో యాభై తొమ్మిదేళ్ల పెద్దాయన ఒకరు మూడు నెలల్లో పహిల్వాను అయిపోయారు. మొదటి సెషన్లో ఆయన పిడికిలి బలం పద్దెనిమిది కిలోలు. రెండో సెషన్లో ముప్ఫై ఒకటి! వేలూరు సత్తువాచారిలోని ఒక చిన్న పరిశోధన ఆఫీసులో కూర్చుని, కంప్యూటరులో ఇది చూసిన నందకుమార్ పకపకా నవ్వాడు.

నేత పనివాళ్ల చేతినొప్పుల మీద సర్వే అది. పేర్లు బయటపడకుండా ఒక్కొక్కరికీ ఒక కోడు. పి-07 అంటే ఏడో మనిషి, ఎస్-2 అంటే రెండోసారి తీసిన కొలత. ఆ కోడ్లన్నీ సరిచూసి శుభ్రం చేయడమే నందకుమార్ ఉద్యోగం. చూడగా చూడగా ఏడో నంబరే కాదు, ఇంకో పదకొండు నంబర్లదీ ఇదే వరస.

"ఈ గుడియాత్తం షీటు చూసినారా? వీధిలోకి పోకుండా ఇంట్లో కూచొని రాసేసినట్టుండాది," అన్నాడు అందరికీ వినబడేలా.

"అది రాసింది నేనే."

తిరిగి చూస్తే గుడియాత్తంలో ఇల్లిల్లూ తిరిగి కొలతలు తీసే కోకిల, తడిసిన గొడుగుతో నిలబడి ఉంది. ఆరు నెలలుగా ఫోన్లో గొంతు వినడమే గానీ మనిషిని చూడడం అదే మొదలు. ఎంత చక్కగా ఉంది! కానీ ఏం లాభం, నోరు అప్పటికే జారిపోయింది.

"ఆరు నెల్లు ఎండా వానా చూడకుండా తిరిగినా సార్. అబద్ధం రాసేదానికి అంత తిరుగుడు ఎందుకు నాకు?" కళ్లలో నీళ్లు తిరిగాయి, కిందికి మాత్రం రానివ్వలేదు.

ఆఫీసు పెద్ద వైష్ణవి మేడం గదిలోంచి వచ్చి మాట తేల్చేసింది. శుక్రవారంలోగా కోడ్లు సరిపడకపోతే గుడియాత్తం కొలతలన్నీ పక్కన పడేయాలి. కోకిల ఉద్యోగమూ అంతటితో సరి. "ఇద్దరూ పోయి చూసుకొని రండి," అంది.

ఆ రాత్రికి వేలూరులోనే చుట్టాలింట్లో ఉండిపోయిన కోకిల, మర్నాడు గుడియాత్తం బస్సులో అతని పక్క సీటు ఖాళీగా ఉన్నా ముందు సీటుకు పోయి కూర్చుంది.

"కోపమా?" అడిగాడు వెనక నుంచి.

"లేదు సార్. మాట్లాడితే అదీ అబద్ధమే అంటారేమో అని."

గుడియాత్తం దాకా కుక్కిన పేనులా కూర్చున్నాడు నందకుమార్.

ఏడో నంబరు ఇల్లు ఎవరిదో కాదు, కోకిల వాళ్లదే. వాళ్ల నాయన ఆదిమూలం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని లుంగీ నేస్తున్నాడు. వచ్చినవాడిని కూర్చోమని చెప్పి, గంజి తాగడానికి లేచాడు. ఆయన ఇలా లేచాడో లేదో, ఆయన భార్య పొన్నమ్మ అలా గుంటలోకి దిగి నేత అందుకుంది. మగ్గం చప్పుడు క్షణం కూడా ఆగలేదు.

"అయ్య లేస్తే అమ్మ కూచునిందేంది?" అన్నాడు నందకుమార్.

"మనిషి లేస్తే మగ్గాన్ని ఆపేస్తామా నాయనా?" అంది పొన్నమ్మ.

నందకుమార్ కోకిల వైపు చూశాడు. "అయితే ఏడో నంబరు ఎవురికి ఇచ్చినావు?"

"మగ్గానికి. మా వీధిలో ఎవుర్ని అడిగినా మూడో మగ్గం, ఏడో మగ్గం అనే అంటారు. ఆ పొద్దు మగ్గం మీద ఎవురుంటే వాళ్ల చెయ్యి కొలిచినా." అంటూ అంటూనే నాలుక కరుచుకుంది. "అయ్యయ్యో! అది మనిషి నంబరా?"

"పహిల్వాను మీరేనా అమ్మా!" అని పొన్నమ్మను చూసి నవ్వాడు నందకుమార్. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కోకిల కూడా నవ్వేసింది, రెండు రోజుల్లో మొదటిసారి.

మరి ఏ తేదీన ఎవరు కూర్చున్నారు? ఆదిమూలం తల గోక్కున్నాడు. "తేదీలు యాడ గుర్తుంటాయప్పా? మగ్గం మీద ఆ పొద్దు ఏ రంగు లుంగీ ఉండాదో చెప్పు, కూచునింది ఎవురో నేను చెప్తా."

"రంగులు రాసినా గదా, షీటు కడాన!" అంది కోకిల.

నందకుమార్ ఫోను తీసి గబగబా వెతికాడు. షీటు శుభ్రం చేసేటప్పుడు, రంగుతో మనకేం పనని ఆ వరసను కొట్టేసింది తనే. అదృష్టం బాగుండి ఆమె పంపిన అసలు షీటు పాత మెయిల్లో దొరికింది. కొట్టేసిన సంగతి ఎవరికీ తెలియదు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, సిగ్గేసి మూసుకున్నాడు.

రెండు రోజులు వాన పట్టు వదల్లేదు. ఒకే గొడుగు కింద ఇల్లిల్లూ తిరిగారు.

"పచ్చ గళ్ల లుంగీ?"

"మా కోడలు నేసింది."

"నీలం?"

"అది నేనే. మా ఆయనకి అప్పుడు జరం."

గొడుగు ఎప్పుడూ తన వైపే వాలి ఉండడం కోకిల గమనించింది. అతని ఎడమ భుజం నీళ్లోడుతోంది. "ఇట్ల జరుగు, తడుస్తాండావు," అంది. 'సార్' ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో అందరూ కూర్చున్నారు. కోడ్లన్నీ చక్కగా కుదిరాయి, ఇప్పుడు మగ్గానికి ఒక నంబరు, మనిషికి ఒక నంబరు. వైష్ణవి మేడం షీటు చూసి తల ఊపింది. "బాగుండాది. ఇంతకీ తప్పు ఎవరిది?"

"నాదే మేడం," అని కోకిల లేచింది. "మనిషికి ఇయ్యాల్సిన నంబరు మగ్గానికి ఇచ్చినా."

ఇక నందకుమార్ కూర్చోలేకపోయాడు. "ఆమె రంగులు రాసి పెట్టకపోతే ఈ పొద్దు ఏమీ మిగిలేది కాదు మేడం. ఆ వరసను కొట్టేసింది నేను. అడగకుండానే అబద్ధం రాసిందని అందరి ముందరా అన్నదీ నేనే. అందుకే అందరి ముందరే చెప్తాండా, క్షమించు కోకిలా."

వైష్ణవి మేడం కళ్లద్దాలు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "కోకిలా, సోమవారం నుంచి మళ్లీ పనిలోకి రా. నందా, నువ్వు ఇకమీద దేన్నీ కొట్టేయబాకు," అంది.

మెట్ల దగ్గర కోకిల ఆగింది. "ఎందుకు చెప్పినావు? చెప్పకపోతే ఎవురికీ తెలిసేది కాదు గదా."

"నీ మీద మాట ఉంటే నాకు అన్నం సయించలా. నువ్వంటే నాకు ఇష్టం కోకిలా. చానా ఇష్టం."

బయట వాన మళ్లీ అందుకుంది. కోకిల కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"ఆ పిల్లోడు మళ్లా ఎప్పుడొస్తాడని మా నాయన పొద్దున అడిగినాడు. ఏమి చెప్పాల?"

"వచ్చే ఆదివారం మా అమ్మను పిలుచుకొని వస్తానని చెప్పు."

"ఆదివారమా?" కోకిల మొహం చిన్నబుచ్చుకుంది. "ఏం, రేపు మీ అమ్మకి ఏమైనా పని ఉండాదా?"