చెప్పని పందొమ్మిది రోజులు

ఆ సోమవారం ఉదయం షిఫ్టులో నూట నాలుగో చెయ్యి ప్లేటు మీద పడగానే కింది నుంచి ఒక తెల్లచీటీ బయటికొచ్చింది. ప్రయోగం మొదలుపెట్టి డెబ్బై రోజులైంది, అది మూడో చీటీ. గేటు పక్కన అద్దాల గదిలో కూర్చున్న డాక్టర్ హైమవతికి మెషిన్ తన పని తాను చేసుకుపోతున్నందుకు సంతోషం వేసింది. ఆ సంతోషం పది నిమిషాలు కూడా నిలవలేదు.

భీమిలి దాటాక సముద్రం ఒడ్డున, నాచుతో నూలు తీసే మిల్లు అది. పత్తి పంట తగ్గిపోయాక జనం ఒంటి మీద ఉంటున్నది ఆ నాచు నూలే. నాచు ఉడికించడం దగ్గర్నుంచి తడి నూలు డబ్బాలు మోయడం దాకా పనంతా ఆడవాళ్లదే, మొత్తం ఆరువందల మంది. పొద్దున్నే గేటు దగ్గర పళ్లెమంత ప్లేటు మీద అరచెయ్యి ఆరు సెకన్లు ఆనిస్తే హాజరు పడుతుంది.

ఇక్కడ కాస్త సైన్స్ చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. కడుపులో పిండం నిలవగానే ఒక హార్మోన్ తల్లి రక్తంలో కలుస్తుంది. మొదటి వారాల్లో రోజురోజుకీ పెరుగుతుంది, పిండం పోతే తగ్గిపోతుంది. అందులో అతి కొద్దిగా చెమటలోకీ వస్తుంది. ఆ కొద్దిపాటిని అరచేతి చెమటలో పట్టుకోవడానికి హైమవతికి పదకొండేళ్లు పట్టింది. అంకె పెరిగి, తర్వాత వరసగా రెండు రోజులు తగ్గితే ప్లేటు చీటీ ఇస్తుంది. అందులో ఇలా ఉంటుంది: “నేటి నుంచి నలభై రెండు రోజులు సెలవు. జీతంలో కోత లేదు. కారణం ఎవరూ అడగకూడదు.”

గర్భం పోయిన ఆడమనిషికి ఆరు వారాలు జీతంతో సెలవివ్వాలని చట్టం తాతలనాడే వచ్చింది. వచ్చి ఏం లాభం? రుజువు కావాలంటారు, డాక్టరు కాగితం చూపమంటారు. మనవాళ్లేమో మూడో నెల వచ్చేదాకా కడుపుతో ఉన్నామని నోరు విప్పరు, దిష్టి తగులుతుందని భయం. అసలు చెప్పనే లేని కడుపు పోయిందని ఏ ముఖంతో చెప్తారు? గుడ్డ పెట్టుకుని మర్నాడే పనిలోకొచ్చేవాళ్లు. హైమవతి చెల్లెలు సుగుణ అలాగే పనిలోకెళ్లి, ఒక బట్టల దుకాణం కౌంటరు వెనకాల నిలబడ్డచోటే కూలిపోయింది. మళ్లీ లేవలేదు. ఏ ఆడమనిషీ అడగకుండానే సెలవు రావాలని హైమవతి అప్పుడే పట్టుబట్టింది.

మన ఆచారాన్ని కూడా ఆమె మన్నించింది. అంకె పెరుగుతున్నన్నాళ్లూ ప్లేటు ఎవరికీ ఏమీ చెప్పదు, ఆ చెయ్యి గల మనిషికి కూడా. ఇంట్లోవాళ్లే చెప్పుకోని సంగతి మెషిన్ ముందుగా వాగడం ఏమిటని అలా తయారుచేసింది. మంచి మర్యాదే. ఆ మర్యాదే కొంప ముంచింది.

చీటీ పట్టుకుని అద్దాల గదిలోకి వచ్చిన మనిషి పేరు నూకరత్నం. ముప్ఫై మూడేళ్లుంటాయి, డబ్బాల సెక్షన్లో పని.

“ఈ కాయితం నాకెందుకొచ్చిందమ్మగోరూ? నానేటీ సెలవు అడగనేదు. గేటుకాడ అడిగితే ఎవులూ సెప్పరు.”

“కూర్చో నూకరత్నం. ఒంట్లో ఎలా ఉంది?”

“బాగానే ఉన్నాను. నిన్న నెలసరొచ్చింది. శానా ఆలస్యంగా వచ్చింది. నాకెప్పుడూ అంతే, ఒక్కోపాలి రెండు నెలలు రాదు.”

పదకొండేళ్లలో హైమవతి ఎన్నో ఆలోచించింది, కడుపుతో ఉన్న సంగతి తనకే తెలియని మనిషి ఉంటుందని మాత్రం తట్టలేదు. చీటీలో కారణం రాయకపోతే సరిపోతుందనుకుంది. ఇప్పుడు ఆ కారణం తన నోటితోనే చెప్పాల్సి వచ్చింది. వీలైనంత మెల్లగా చెప్పింది.

నూకరత్నం చీటీని మడిచి, మళ్లీ విప్పి చూసింది.

“ఈ పలకకి ఎప్పటినించి తెలుసమ్మా?”

“పందొమ్మిది రోజుల నుంచి.”

“మరి మీకు?”

“నేను పేర్లు చూడను తల్లీ. అంకెలే చూస్తాను.”

“ఆ రోజులన్నీ నాను తడి డబ్బాలు మోసినాను.”

“దానివల్ల కాదు. తొలి వారాల్లో పోయేవి చాలావరకు వాటంతట అవే పోతాయి. నువ్వు మంచం దిగకపోయినా ఆగేది కాదు.”

ఆ మాట నిజమే. కానీ నూకరత్నం అడుగుతున్నది అది కాదు.

“నాకు పెళ్లయి తొమ్మిదేళ్లమ్మా. ఒక్కపాలి కూడా నిలబడనేదని ఏడ్సినాను. పందొమ్మిది రోజులు నాను తల్లినై ఉన్నాను. ఈ గేటుకి తెలిసింది, ఈ పలకకి తెలిసింది. నాకు తెల్దు. మీ నలభై రెండు రోజులూ మీరే ఉంచుకోండి, నాకా పందొమ్మిదీ ఇప్పించండి.”

ఇవ్వగలిగితే హైమవతి ఆ నిమిషమే ఇచ్చేసేది. నూకరత్నం చెయ్యి పట్టుకుని, “ఈసారి కనపడితే మొదటి రోజే చెప్తాను,” అంది.

“పోయినా సెప్పాల.”

“పోయినా చెప్తాను.”

సాయంత్రానికి ఈ సంగతి మిల్లంతా పాకింది. ఆడవాళ్లకు భయం పట్టుకుంది. తెలియకుండా పోయేదాన్ని తెలియకుండానే పోనివ్వక ఈ పలక ఎందుకు ఏడిపిస్తుందన్నారు. నాచు ఉడికించే చినతల్లి ఒక ఉపాయం కనిపెట్టింది. అరచేతికి నువ్వులనూనె రాసుకుంటే ప్లేటుకి చెయ్యి కనిపిస్తుంది, చెమట దొరకదు. హాజరు పడుతుంది, చీటీ రాదు. గేటు పక్క మందారం కుండీ వెనకాల నూనె సీసా వెలిసింది. హైమవతి తీయించేసినా మర్నాటికి మళ్లీ ఉండేది. మూడు వారాలు తిరక్కుండా చినతల్లికే గర్భం పోయింది. నడుం పట్టుకుని ఆవిడ బాయిలరు దగ్గరే నిలబడింది. రుజువు లేక సెలవు రాని రోజులు పోయి, రుజువునే చూసి దడుచుకునే రోజులొచ్చాయి.

నూనె రాసుకోనిది నూకరత్నం ఒక్కతే. సెలవు పూర్తి చేసుకుని వచ్చిన రోజు నుంచీ పొద్దున్నే కడిగిన ప్లేటుకి ఎవరి నూనే అంటకముందే వరసలో మొదట నిలబడి, పమిట చెంగుతో అరచెయ్యి శుభ్రంగా తుడుచుకుని పెట్టేది. ఆరు సెకన్లు అయినా తీసేది కాదు, వెనకాలవాళ్లు విసుక్కునేవాళ్లు. చెయ్యి అక్కడే ఉంచి అద్దాల గదివైపు చూసేది. హైమవతి తల అడ్డంగా ఊపేది. అప్పుడు లోపలికి వెళ్లేది.

అయిదు నెలల తర్వాత ఒక ఉదయం హైమవతి తల అడ్డంగా ఊపలేదు. కుర్చీలోంచి లేచి బయటికి వచ్చి క్యాంటీన్ గోడ పక్కకి తీసుకెళ్లి చెప్పింది. నూకరత్నం పమిట నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది.

“ఎవులికీ సెప్పకండమ్మగోరూ,” అంది. “మూడో నెల రానివ్వండి.”

హైమవతి సూపర్వైజరుతో ఏదో మాట చెప్పి ఆమెను బరువు లేని పనికి, కూర్చుని నూలు కండెలు చుట్టే పనికి మార్పించింది. ఆ తర్వాత నూకరత్నం రోజూ ఒక కబురు తెచ్చేది. మొగుడు పైడిరాజు లేత చింతకాయలు తెచ్చాడని ఒకరోజు, తనను బిందె ఎత్తనివ్వడం లేదని ఇంకోరోజు. పేరు కూడా అనుకున్నారట. ఏం పేరని అడిగితే అప్పుడే చెప్పకూడదంది. తొమ్మిదేళ్లుగా దాచుకున్న సంతోషమంతా ఆ మనిషి ముఖంలో కనిపించేది. చూస్తే హైమవతికి సుగుణ గుర్తొచ్చేది, కళ్లు తుడుచుకునేది.

పద్దెనిమిదో రోజు అంకె తగ్గింది.

పొరపాటేమోనని హైమవతి మళ్లీ చూసింది. మళ్లీ అంతే. ఒక్కరోజు తగ్గితే ప్లేటు ఏమీ అనదు, రేపు కూడా తగ్గితే చీటీ వస్తుంది. పోయినా చెప్తానని మాటిచ్చింది. చెప్పాలని లేచి కండెల సెక్షన్ దాకా వెళ్లింది కూడా. నూకరత్నం పక్కనున్న ఆవిడతో ఏదో చెప్పి నవ్వుతోంది. హైమవతి గుమ్మంలోంచే వెనక్కి వచ్చేసింది.

మర్నాడు షిఫ్టు బెల్లుకి ముందే హైమవతి గేటు దగ్గరికొచ్చింది. మందారం కుండీ వెనకాల సీసా ఉంది. అరచేతిలో నూనె పోసుకుని, పదకొండేళ్లు కష్టపడి చేసిన ప్లేటు మీద అంచు నుంచి అంచు దాకా రాసింది. రేపు చెప్తాను, నా నోటితోనే చెప్తాను అనుకుంది.

వరస కదిలింది. ఎప్పటిలాగే మొదట నూకరత్నం చెయ్యి తుడుచుకుని ప్లేటు మీద పెట్టింది. ఆరు సెకన్లు గడిచాయి. హాజరు పడింది, చీటీ రాలేదు.

“బాగున్నాదా అమ్మగోరూ?”

“ఇవాళ్టికి పందొమ్మిది రోజులు నూకరత్నం.”

“నాకు తెల్దేటి? లెక్కెట్టుకుంటన్నాను,” అని నవ్వి, పొట్ట మీద చెయ్యి వేసుకుని మెల్లగా లోపలికి వెళ్లింది.

ఆ రోజు రిపోర్టులో డాక్టర్ హైమవతి రెండే ముక్కలు రాసింది. ప్లేటు మీద నూనె పడినందువల్ల నేడు రీడింగులు లేవు. ఆరువందల మందీ పనిలోకి వచ్చారు.