పెద్దమ్మ పూసల దండ

ఉదయం ఆరున్నరకు పక్కవాటా బస్సు డ్రైవరు తన ఇంటి తాళంచెవి ఇచ్చి వెళ్ళాడంటే కుట్టుపని అమ్మకు రోజు మొదలైనట్టే. మోకాళ్ళ మీద ప్రార్థన ముగించుకుని, మెడలో కొలత టేపు తీయడం కూడా మరిచిపోయి పక్కవాటాలోకి వెళ్ళేది. అక్కడ మంచం మీద డ్రైవరు తల్లి. పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. మాట పోయింది, కుడిచెయ్యి చచ్చుబడింది. ముప్పై ఏళ్లుగా ఒకే గోడకు అటూ ఇటూ బతికిన వాళ్ళు ఆ ఇద్దరూ. దేవుళ్ళు వేరైనా గోడ మాత్రం ఒకటే.

ఆవిడ ముఖం తుడిచి, ఎడమచేతిలో పూసల దండ పెట్టేది. వాళ్ల దేవుణ్ణి తలుచుకుంటూ తిప్పే పూసలవి. ఆవిడ ఒక్కో పూసనూ జరుపుతుంటే కుట్టుపని అమ్మ పక్కన కుర్చీలో కూర్చుని చొక్కాలకు గుండీలు కుట్టుకునేది. ఆ అరగంటా నోరు మెదిపేది కాదు. ఆమె నోరు అంతసేపు మూతపడటం మామూలు సంగతి కాదని వీధి వీధంతా ఒప్పుకుంటుంది.

అనారోగ్యం మొదలైన రోజుల్లోనే, ఇంకా నోట మాట ఉండగానే, ఆవిడ మాట తీసుకుంది. "చెల్లీ, నా కొడుకు పొద్దస్తమానం బస్సు మీదే ఉంటాడు. నేను పోయేటప్పుడు పూసలు నా చేతిలో ఉండేలా నువ్వే చూడాలి."

"అలాగే అక్కా," అంది కుట్టుపని అమ్మ.

ఈ వ్యవహారం ఆమె కూతురికి మింగుడుపడలేదు. కూతురు బడిలో టీచరు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిలు పాఠాలు చెబుతుంది.

"నీకు తప్పనిపించదా అమ్మా? వాళ్ల దేవుడి పూసలు నీ చేత్తో అందిస్తావు!"

"అక్క పూసలు అక్కకిస్తున్నాను. నేనేం తిప్పట్లేదుగా."

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా యేసయ్య గురించి చెప్పావా?"

"చెప్పకేం? అడిగినప్పుడల్లా చెప్పాను, శ్రద్ధగా వింది. తర్వాత తన దేవుడి గురించి చెప్పింది, నేనూ విన్నాను."

"రేపు పెద్దమ్మ పోతే? యేసయ్య రక్షణ లేకుండా పోతే ఆ పాపం మనది కాదా?"

ఆ పిల్లది పంతం కాదు, భయం. పెద్దమ్మంటే దానికి పంచప్రాణాలు. ఆ ప్రేమే చివరికి కొంప ముంచింది.

గురువారం మందులు అయిపోయాయి. బడికి సెలవు కావడంతో కూతురు ఇంట్లోనే ఉంది. "గంటలో వస్తాను, పెద్దమ్మ దగ్గర కూర్చో. పూసలు చేతిలోనే ఉంచు," అని చెప్పి కుట్టుపని అమ్మ బజారుకు వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి కూతురు గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. మంచం మీద దిండు తడిసి ఉంది. ఆవిడ నుదుటి మీద ఇంకా నీటి చుక్కలున్నాయి. ఎడమచేతిలో చిన్న కొయ్య సిలువ ఉంది. ఊపిరి మాత్రం లేదు.

కుట్టుపని అమ్మ చేతిలోంచి మందుల సంచి జారిపోయింది. "పూసలేవే?"

"సొరుగులో పెట్టాను. నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చానమ్మా. ప్రార్థన చేస్తూనే ఉన్నాను, ఇంతలోనే..." కూతురు కళ్ళు తుడుచుకుంది. "నా ప్రార్థన ఆవిడకు వినిపించింది. చెయ్యి కదిలిస్తూనే ఉంది. సరేనంటోందనుకున్నాను."

"ఎలా కదిలించింది?"

"దుప్పటి మీద... తడుముతూ."

కుట్టుపని అమ్మ కుర్చీలో కూలబడిపోయింది.

"వెతుక్కుందే తల్లీ," అంది. "పూసలు వెతుక్కుంది."

కూతురి ముఖం పాలిపోయింది.

"నేను మాటిచ్చాను. నన్ను నమ్మి కళ్ళు మూసుకుందామనుకుంది," అంటూ తల్లి బావురుమంది. "యేసయ్య తలుపు తడతాడే, తీసేదాకా బయటే నిలబడతాడు. నోరు లేని మనిషి ఇంట్లోకి నువ్వు గోడ పగలగొట్టుకుని వెళ్ళావు. అదీ ఆయన పేరు చెప్పి!"

కబురందుకుని డ్రైవరు ఖాకీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు. తల్లి పాదాలు పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"పిన్నీ, పూసలు చేతిలో ఉన్నాయా?"

కుట్టుపని అమ్మ సొరుగు వైపు చూసింది. కూతురు ముందుకొచ్చింది.

"లేవన్నయ్యా. నేనే తీసేశాను." జరిగింది దాచకుండా చెప్పింది, తడమడం సంగతితో సహా.

అతను కొడతాడేమో అనుకుంది. కొట్టినా బాగుండేది. అతను గోడకేసి చూస్తూ మెల్లగా మాట్లాడాడు.

"నీకు ఆరేళ్లప్పుడు తట్టు పోసింది. పిన్ని ఆపరేషనై ఆసుపత్రిలో ఉంది. పది రోజులు మా ఇంట్లోనే ఉన్నావు. మీ ప్రార్థన చెబితేగానీ నిద్రపోయేదానివి కాదు. అమ్మ ఆసుపత్రికి వెళ్ళి, పిన్ని చేత కొలతల చీటీ వెనక రాయించుకొచ్చింది. రోజూ నీ పక్కన కూర్చుని అదే చదివేది. మన ప్రార్థన చెప్పొచ్చుగా అని నేను అలిగితే, 'జ్వరంతో ఉన్న పిల్లకి దాని దేవుణ్ణే పిలవాలిరా' అంది."

కూతురికి ఆ జ్వరం గుర్తుంది. తలమీద తడిగుడ్డ, చీకట్లో తడబడుతూ ప్రార్థన చదివిన గొంతు గుర్తున్నాయి. ఆ గొంతు ఇన్నాళ్లూ అమ్మదే అనుకుంది.

సొరుగు తెరిచి పూసలు తీసింది. మంచం పక్కన మోకరించి, సిలువను మెల్లగా తీసి కొంగున ముడేసుకుంది. పూసల దండను పెద్దమ్మ అరచేతిలో పెట్టింది. వేళ్ళు ముడుచుకోలేదు. దండ జారి దుప్పటి మీద పడింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. ఈసారి తన రెండు చేతులతో ఆ చేతిని మూసి పట్టుకుంది.

"మీ ప్రార్థన నువ్వు చెప్పన్నయ్యా," అంది ఏడుస్తూనే. "నేను పట్టుకుంటాను."

కుట్టుపని అమ్మ రోజూ కూర్చునే కుర్చీలో, రోజూలాగే నోరు మూసుకుని కూర్చుంది. డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. కూతురి వంక చూడలేదు. చిన్నప్పుడు వాళ్లమ్మ ఆ పిల్లకు పెట్టిన ముద్దుపేరుతోనే పిలిచాడు.

"గట్టిగా పట్టుకో పిచ్చుకా. అమ్మ చేతిలోంచి జారిపోనివ్వకు."