ముందు కుర్చీ, తర్వాత నీళ్లు

పొద్దున్నే టీగ్లాసు చేతికొస్తే సూదమ్మకు నోరు ఊరుకోదు. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో చేరి చాలా ఏళ్లయింది. చేత్తో సూది పట్టుకోవడం మానేసి కూడా చాలా కాలమే అయింది. ఇప్పుడు లోపలి గదిలో పరీక్షలు చేసే బల్ల దగ్గర ఆవిడే పెద్ద. అయినా వీధివాళ్లు ఎప్పుడో పెట్టిన పేరు మాత్రం వదల్లేదు. మొగుడు కూడా అదే పేరుతో పిలుస్తాడు. ఆయన టైలరు. "నీదీ సూదే, నాదీ సూదే. నా సూదికి నొప్పుండదు, అంతే తేడా" అన్నది పెళ్లయిన నాటి నుంచీ ఆయన దగ్గరున్న ఒకే ఒక్క జోకు. దాన్నే తిప్పి తిప్పి వాడుకుంటూ ఉంటాడు.

"మొన్న రెండు రక్తం గొట్టాలొచ్చాయండీ, అవతలి బ్రాంచి నుంచి," అంది సూదమ్మ. "ఎవరివో నాకు తెలీదు. మా దాకా వచ్చేసరికి నెంబర్లే తప్ప పేర్లుండవు కదా. సిఫిలిస్ పరీక్షకి పంపారు. ఒకటి శుభ్రంగా ఉంది. రెండోది మిషన్లో పెడితే పాజిటివ్ వచ్చింది."

"పొద్దున్నే ఆ సుఖవ్యాధుల పురాణం ఎందుకే?" అన్నాడు టైలరు.

"ఆ పేరెవడు పెట్టాడో గానీ దాంట్లో సుఖం నాకెక్కడా కనబళ్లేదు. పూర్తిగా వినండి. మిషన్ చెప్పింది కదా అని మేం అక్కడితో ఆగం. ఆ జబ్బు ఎప్పుడైనా వచ్చిందా లేదా అన్నదే అది చెబుతుంది. మందు పడి నయమైనా చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది. దెబ్బ మానినా మచ్చ మిగులుతుందే, అలాగన్నమాట. అందుకని రెండో పరీక్ష చేస్తాం. తెల్ల కార్డు మీద రక్తంలోని తేట ఒక చుక్క, బొగ్గులాంటి నల్లటి మందు ఒక చుక్క వేసి తిప్పుతాం. జబ్బు చురుగ్గా ఉంటే నల్లటి రవ్వలు గుంపు కడతాయి. ఇతనిది సాఫీగా ఉంది."

"అయితే జబ్బు లేనట్టేగా?"

"అంత తొందరపడితే ఎలా? మొదటిది నిజమేనా అని ఇంకో పరీక్షతో రూఢి చేసుకున్నాను. తర్వాత, మందు వాడాడా లేదా అని బ్రాంచికి ఫోన్ చేసి అడిగాను. అక్కడి నర్సు చెప్పింది. ఏళ్ల కిందటే ఇంజెక్షన్లు చేయించుకున్నాడట. రమ్మన్నప్పుడల్లా వెళ్లి మళ్లీ మళ్లీ పరీక్షలు చేయించుకున్నాడట. ఇప్పుడు పెళ్లి చేసుకోబోతూ, ఆ అమ్మాయికి అంతా చెప్పేసి, తనని వెంటబెట్టుకుని మరీ వచ్చాడట. డాక్టరుగారు కూడా చూసి, పాతది, నయమైపోయింది అని సంతకం పెట్టేశారు." సూదమ్మ గ్లాసు కిందపెట్టింది. "అడక్కముందే చెప్పే మనిషి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడండీ? ఆ పిల్ల ఎవరో గానీ అదృష్టవంతురాలు."

గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న కూతురు అలాగే వంగి ఉండిపోయింది. బళ్లో లెక్కల టీచరు. తొందరపడి ఏ మాటా అనే మనిషి కాదు.

"నిజంగానే అంటున్నావా అమ్మా?"

"నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా?"

"అయితే సాయంత్రం తనని తీసుకొస్తాను. మీ ఇద్దరికీ ఒక మాట చెప్పాలంటున్నాడు," అని కూతురు సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ నవ్వుకుంటోందని టైలరు గమనించాడు.

ఆ పిల్ల తెస్తానన్నది లిఫ్టులు బాగుచేసే అబ్బాయిని. అంతకు ముందు రెండుసార్లు ఇంటికొచ్చాడు. తల్లీతండ్రీ లేరు, అక్క పెంచింది. మాట మెత్తన, పని గట్టి. సూదమ్మకు మనసులో నచ్చేశాడు. బయటికి మాత్రం "చూద్దాం" అంటూ బెట్టు చేస్తోంది. ఆ సాయంత్రంతో "చూద్దాం" కాస్తా "సరే" అయిపోతుందని అందరూ అనుకున్నారు.

అతను వచ్చి గది మధ్యలో నిలబడ్డాడు. టైలరు కుర్చీ చూపిస్తే తల అడ్డంగా ఊపాడు.

"చెప్పేశాక కూర్చుంటానండీ. కూర్చుంటే ధైర్యం సడలిపోతుంది," అన్నాడు. "ఐదారేళ్ల కిందట నాకు సిఫిలిస్ వచ్చింది. అప్పుడు పనిచేసే ఊళ్లో ఒకామెతో స్నేహంగా ఉండేవాణ్ని. తోటి మెకానిక్‌కి దెబ్బ తగిలితే రక్తం ఇద్దామని ఆసుపత్రికి వెళ్లాను. వాళ్లు పరీక్ష చేసి, పిలిచి చెప్పారు. ఒంట్లో ఏ బాధా లేదు. వాళ్లు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. ఆమెకీ చెప్పాను. ఇద్దరం ఇంజెక్షన్లు చేయించుకున్నాం. తర్వాత ఎవరి దారి వాళ్లం చూసుకున్నాం. మీ అమ్మాయికి ఇదంతా తెలుసు. మీకు తెలియకుండా పెళ్లి చేసుకోవడం నాకిష్టం లేదు."

ఇన్నేళ్లుగా బల్ల దగ్గర నేర్చుకున్నదంతా సూదమ్మ బుర్రలోంచి ఒక్క క్షణంలో ఎగిరిపోయింది. మిగిలింది కడుపుతీపి ఒక్కటే. అది ఎవరి మాటా వినే రకం కాదు.

"ఆ రోగం పెట్టుకుని నా గుమ్మం తొక్కుతావా?" అంది. "నా కూతురికి అంటగడదామనా?"

"నయమైపోయిందండీ. మీ ల్యా..."

"ఏం నయం? ఆ రోగం పోదు. రక్తంలో ఉండిపోతుంది. నాకు చెప్పొస్తావా? నేను రోజూ చూసేదే."

ఆ మాట అబద్ధమని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసింది ఆవిడకే. అయినా అనేసింది. అతను "వస్తానండీ" అని టైలరుకి చెప్పి మెట్లు దిగిపోయాడు.

కూతురు అతని వెనకాల వెళ్లలేదు. తల్లి ఎదురుగా వచ్చి నిలబడింది.

"పొద్దున నువ్వన్న మాట విని ధైర్యం చేశామమ్మా. ఆ రెండు గొట్టాలూ మావే."

సూదమ్మకు ముందు అర్థం కాలేదు.

"శుభ్రంగా ఉందన్నావే, అది నాది. రెండోది తనది. వేరే చోట ఇద్దామని తను అన్నాడు. నేనే పట్టుబట్టాను. మా అమ్మ చేతి పరీక్ష అయితే తిరుగుండదు, పేరు చూసి ఒక మాట, చూడక ఒక మాట మా అమ్మ చెప్పదు అన్నాను." పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పు చెప్పాను."

తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. టైలరు ఆ సాయంత్రం జోకు వేయలేదు. ఖాళీ కుర్చీని గోడకి జరుపుతూ ఒకే మాట అన్నాడు.

"మంచినీళ్లయినా ఇవ్వలేదు నువ్వు."

ఆ మాట సూదమ్మకు ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. ల్యాబులో ఆవిడ పెట్టిన కట్టడి ఒకటుంది. ఇలాంటి ఫలితం చెప్పేటప్పుడు ఎంత రద్దీ ఉన్నా సరే, ముందు మనిషికి కుర్చీ వేయాలి, తర్వాత మంచినీళ్లు ఇవ్వాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. నిలబెట్టి చెబితే ఆ మనిషి జన్మలో మళ్లీ పరీక్షకి రాడు అనేది ఆవిడ. కౌంటర్లో కొత్తవాళ్లు ఎవరు చేరినా మొదటి రోజే ఆ పాఠం చెబుతుంది. వినీ వినీ టైలరుకి కూడా నోటికొచ్చేసింది.

మర్నాడు ల్యాబులో ఆవిడ చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. తెల్ల కార్డు మీద చుక్కలు వేసి, తిరిగే పళ్లెం మీద పెట్టి, ఆగాక దీపం కిందకి వంగి చూసింది. సాఫీగా ఉంది. మొన్న అతని కార్డు కూడా ఇలాగే ఉంది. తనే తిప్పింది, తనే చూసింది, అనుమానం తీరక ఇంకోసారి చేసి చూసింది. ఆ రెండుసార్లూ లేని భయం, పేరు తెలియగానే ఎక్కణ్నుంచి ఊడిపడిందో ఆవిడకు అంతు పట్టలేదు.

కౌంటరావిడ లోపలికి వచ్చింది. "మేడమ్, బయట ఒక తల్లీ కొడుకూ ఉన్నారు. అబ్బాయికి జబ్బు నయమైంది, పాత గుర్తు మాత్రం మిగిలింది. ఎంత చెప్పినా వాళ్లమ్మ నమ్మట్లేదు. అమ్మకి మీరే చెప్పండని అబ్బాయే బతిమాలుతున్నాడు."

సూదమ్మ వెళ్లింది. ఆ తల్లికి కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. తర్వాత ఎన్నో వందలసార్లు చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. "ఇది మచ్చ మాత్రమేనమ్మా. గాయం మానిపోయింది. ఇతని వల్ల ఎవరికీ అంటదు. రేపు పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు. మళ్లీ కొత్తగా తగిలించుకోకుండా చూసుకుంటే చాలు."

ఆ తల్లి ముక్కు తుడుచుకుని సూటిగా చూసింది. "నోటితో అనడం తేలికేనమ్మా. మీకు కూతురుంటే, ఇలాంటి వాడికి ఇస్తారా?"

కౌంటరావిడ కంగారుగా ఏదో అనబోయింది. సూదమ్మ చేత్తోనే ఆపింది. ఆ తల్లి మొహంలో నిన్నటి తన మొహమే కనబడింది. ఇంత భయపడే మనిషిని తిట్టబుద్ధి కాలేదు. అబద్ధం చెప్పబుద్ధీ కాలేదు.

"నిన్నయితే ఇవ్వనన్నానమ్మా," అంది. కళ్లు నిండిపోయాయి. "నా మాటే నేను నమ్మలేదు. ఇవాళ ఇస్తాను."

ఆ తల్లి గ్లాసులో మిగిలిన నీళ్లు కొడుకు చేతికిచ్చింది. తాగమంది.

సాయంత్రం లిఫ్టబ్బాయి మళ్లీ ఆ మెట్లెక్కాడు. "ఒక్కసారి రా బాబూ" అని సూదమ్మే ఫోన్ చేసింది. పనిలోంచి అలాగే వచ్చేశాడు, చేతులకు గ్రీజు మరకలున్నాయి. గుమ్మంలోనే ఆగిపోయాడు. గది తలుపు దగ్గర కూతురు చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

సూదమ్మ కుర్చీ లాగింది. "ముందు కూర్చో బాబూ."

కూర్చున్నాడు. ఆవిడ లోపలికి వెళ్లి గ్లాసు నిండా మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగేదాకా ఏమీ మాట్లాడలేదు. ఖాళీ గ్లాసు అందుకుని అప్పుడు నోరు విప్పింది.

"నిన్న నేనన్నది అబద్ధం. ఆ జబ్బు ఇప్పుడు నీ ఒంట్లో లేదు. ఆ కార్డు తిప్పింది నేనే. ల్యాబులో ఏ రోజూ తప్పు ఫలితం చెప్పని మనిషిని, ఇంట్లో చెప్పాను. అది కూడా నిన్ను నిలబెట్టి. నన్ను క్షమించు."

"అంత మాట వద్దండీ. మీకు భయం వేసింది," అన్నాడు అతను.

"వేసింది. అయినా తప్పు తప్పే." కూతురి వైపు తిరిగింది. "ఆ పిల్ల ఎవరో గానీ అదృష్టవంతురాలు అన్నాను. ఎవరో తెలియక అన్నాను. ఇప్పుడు తెలిసి అంటున్నాను. చాలా?"

కూతురు వచ్చి తల్లి భుజం మీద మొహం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో సూదమ్మకు తెలియలేదు. వీపు మాత్రం నిమురుతూ ఉండిపోయింది.

టైలరు గొంతు సవరించుకున్నాడు. ఆయన మెడలో ఎప్పుడూ వేలాడే కొలతల టేపు అప్పటికే చేతిలోకి వచ్చేసింది.

"ఇక లేచి నిలబడు బాబూ. పెళ్లి సూటుకి కొలతలు తీసుకోవాలి," అన్నాడు. "ఆ ఇంజెక్షన్లకి ఎన్ని రోజులు కూర్చోలేకపోయావో ఏమో పాపం. భయపడకు. నా సూదికి నొప్పుండదు."

లిఫ్టబ్బాయి నవ్వుతూ చేతులు పైకెత్తాడు.