రేడియో కాస్త తగ్గించండి

ఆ మంగళవారం మధ్యాహ్నం మా నాన్న రెండు కాళ్లూ గిన్నెలు కడిగే ప్లాస్టిక్ తొట్టిలో పెట్టుకుని, మెడ వెనక గడ్డకట్టిన బఠానీల పొట్లం ఆనించుకుని, రేడియోలో క్రికెట్ వింటున్నాడు. ఒంటి మీద బనీను, దాని మీద ఉన్ని స్వెట్టర్. అది విప్పమని పొద్దుటినుంచి మొత్తుకుంటున్నాను.

"చెమట పడితేనే ఒళ్లు చల్లబడేది. నీకేం తెలుసు గ్లెనిస్" అన్నాడు, దగ్గుతూ.

నలభై ఏళ్లు ఇళ్లకు రంగులు వేసిన మనిషి. ఆ దగ్గు రంగుల వాసనతో వచ్చింది. వీధి చివరినుంచి విన్నా మా నాన్న దగ్గేనని చెప్పగలను.

ఆయనకి ఎనభై ఎనిమిదేళ్లు. గుండె సగమే పనిచేస్తోందని డాక్టరు చెప్పాడు. టీవీలో ఇంగ్లండ్ పటం మీద ఎర్రరంగు పూసి, ముసలివాళ్లను కనిపెట్టుకుని ఉండండి అని పూటపూటా చెబుతున్నారు. సోమ, మంగళ, ఈ రెండు రోజులూ గడిస్తే బుధవారం వాన. ఆ రెండు రోజులు నాన్నని బతికించుకోవాలి. నాకున్న పని అదొక్కటే.

నలభై డిగ్రీలా అని నవ్వే దేశాలున్నాయని నాకూ తెలుసు. వాళ్ల ఇళ్లు వేరు. మావి వేడి బయటికి పోకుండా కట్టిన ఇళ్లు. నేలంతా తివాచీ, చివరికి స్నానాలగదిలో కూడా తివాచీ. ఊళ్లో ఒక్క కొట్లోనూ ఫ్యాను లేదు. నా ఫోన్ వేడికి ఆగిపోతే ఫ్రిజ్‌లో వెన్న పక్కన పెట్టాను. మూడో ఇంటి మార్జొరీ కిటికీలన్నీ బార్లా తెరిచి, వడగాలిని పేరంటానికి పిలిచినట్టు ఇంట్లోకి పిలిచి, తను పెరట్లో ఉడికిన రొయ్యలా బోర్లా పడుకుంది. "భలే ఎండ కదూ గ్లెనిస్!" అని రెండు కంచెల అవతలినుంచి కేక. మా వాళ్లు చచ్చేముందు కూడా వాతావరణాన్ని మెచ్చుకునే చస్తారు.

నాన్న మెట్లెక్కలేడు కాబట్టి మంచం కింది అంతస్తులో, వెనక గదిలో వేశాను, పగలు కూర్చునేదీ అక్కడే. ఆ గదికీ పక్కింటి వెనక గదికీ మధ్య ఒకటే గోడ. పక్కిల్లు మార్చినుంచి ఖాళీ. అమ్మకానికని బోర్డు పెట్టి, తాళంచెవి మాకిచ్చి వెళ్లారు. అది మా వంటింటి మేకుకి వేలాడుతోంది.

అప్పుడు గోడ మీద చప్పుడైంది.

టక్... టక్... టక్.

గట్టిగా మాట్లాడితే తప్ప వినపడని నాన్నకి ఆ చప్పుడు మాత్రం వినపడింది. చెయ్యి దానంతటదే వెళ్లి రేడియో తగ్గించింది.

మా వీధిలో గోడ మీద కొడితే అర్థం ఒక్కటే. మీ గోల తగ్గించండి అని. తలుపు తట్టి మొహం మీద చెప్పడం మర్యాద కాదు. గోడ కొడతారు, అవతలివాళ్లు తగ్గిస్తారు. మర్నాడు కంచె దగ్గర కనబడితే ఇద్దరూ వాన గురించి మాట్లాడుకుంటారు.

"సారీ మిస్ హెబ్డన్" అన్నాడు నాన్న, గోడతో.

మిస్ హెబ్డన్ పోయి నలభై ఆరేళ్లయింది.

"నాన్నా... పక్కింట్లో ఎవరూ లేరు."

"లేరు."

"వేడికి పైపులు అలా చప్పుడు చేస్తాయి."

"పైపులు మూడేసి కొట్టవే, పిచ్చిదానా."

టక్... టక్... టక్.

రేడియో ఇంకాస్త తగ్గింది. ఆవిడ బతికున్న రోజుల్లో ఆ చప్పుడుకి రేడియో తగ్గించింది నేను.

అది పందొమ్మిది వందల డెబ్బై ఆరు. ఇలాంటి ఎండాకాలమే, ఇంకా పొడుగు. కుళాయిల్లో నీళ్లు కూడా లెక్కగా వచ్చేవి. నాకు ఎనిమిదేళ్లు. ఆ జూన్‌లో నాన్న మిస్ హెబ్డన్ ఇంటి కిటికీలకి క్రీము రంగు వేశాడు. మావి పైకి జరిపి తెరిచే కిటికీలు. రంగు ఆరేలోపు కిటికీని రెండుసార్లు పైకీ కిందకీ ఆడించాలి, లేకపోతే చట్రానికి అతుక్కుపోతుంది. ఏ పనివాడికైనా తెలిసిన సంగతే. ఆ వేడికి నాన్న వెనక గది కిటికీ ఆడించకుండానే బీరు తాగడానికి పోయాడు. ఆ గది తలుపు పిడి వదులైందని ఆవిడ చెబితే, బుధవారం చూస్తానన్నాడు.

సోమవారం మధ్యాహ్నం గోడ మీద మూడు దెబ్బలు. "తగ్గించమ్మా, పక్కావిడకి ఇబ్బంది" అంది అమ్మ. తగ్గించాను. మళ్లీ మూడు. మళ్లీ తగ్గించాను. చివరికి రేడియో కట్టేశాం. మంగళవారం పొద్దున కూడా కొట్టింది. మేం గుసగుసగా మాట్లాడుకుని, చెంచాల చప్పుడు కాకుండా అన్నం తిన్నాం. మధ్యాహ్నానికి ఆగిపోయింది. "హమ్మయ్య, ఆవిడ కోపం చల్లారింది" అంది అమ్మ.

బుధవారం నాన్న వెళ్లేసరికి ఆవిడ గుమ్మం ముందు మూడు సీసాల పాలు ఎండకి విరిగిపోయి ఉన్నాయి. లోపల వెనక గది తలుపు మూసి ఉంది. పిడి ఊడి బయటవైపు నేల మీద పడి ఉంది. ఆవిడ ఆ తలుపుకి లోపలివైపు ఉంది.

దీని గురించి మేం ముగ్గురం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అమ్మ మాట్లాడకుండానే పోయింది.

టక్ టక్ టక్. టక్ టక్ టక్. ఈసారి తొందర తొందరగా.

నాన్న తొట్టిలోంచి లేవబోయాడు. మొహం బూడిదరంగులోకి తిరిగింది. రెండు భుజాలూ పట్టుకుని కూర్చోబెట్టాను. బనీను కింద గుండె నా అరచేతికి తగులుతోంది... ఒకటి, ఆగి, రెండు గబగబా.

"నువ్వు వెళ్లవే తల్లీ. నీళ్లు తీసుకెళ్లు."

"ఎవరికి నాన్నా?"

"వెళ్లు. లేకపోతే నేను వెళ్తా."

వెళ్లేవాడే. అంత మొండి. ఆయన్ని కుర్చీలో ఉంచడానికి వేరే దారి కనబడలేదు. రేకు జగ్గులో నీళ్లు పట్టుకుని, తాళంచెవి తీసుకున్నాను.

"అయిదు నిమిషాలు. కదిలావో చూడు."

పక్కింటి వీధితలుపు నా వెనక దానంతటదే పడి గడియ వేసుకుంది. మా తలుపులన్నీ అంతే, అదేం వింత కాదు. లోపల పొయ్యిలో తల పెట్టినట్టుంది. కాలిన తివాచీ వాసన, దుమ్ము వాసన. వాటి కింద ఇంకొకటి... కొత్తగా వేసిన రంగు వాసన.

"ఎవరైనా ఉన్నారా? సారీ" అన్నాను. ఖాళీ ఇంటికి కూడా సారీ చెప్పే జాతి మాది.

వెనక గది తలుపు తెరిచే ఉంది. లోపల ఏమీ లేదు. మధ్యలో ఎంతమంది కాపురం ఉన్నారో, మిగతా కిటికీలన్నీ మార్చారు కానీ ఇదొక్కటీ అప్పటిదే, చిన్న చిన్న అద్దాల చట్రం, క్రీము రంగు. మా గోడవైపు, మంచం మీది మనిషికి చెయ్యందే ఎత్తులో, గోడకాగితం పిడికిలంత మేర అరిగిపోయి ఉంది. కాగితం కొత్తదే. అరుగుదల మాత్రం పాతది.

జగ్గు నేల మీద పెట్టాను. వెనక్కి తిరిగేసరికి తలుపు మూసుకుంటోంది. మెల్లగా... చడీచప్పుడు లేకుండా. ఆకు కూడా కదలని రోజది.

పిడి పట్టుకుని లాగాను. చేతిలోకి ఊడొచ్చింది. దాని జత బయట, తివాచీ వేయని నడవాలో రాతి పలకల మీద పడి, ఖణేలుమని దొర్లింది.

కిటికీ దగ్గరికి పరిగెత్తాను. పైకి ఎత్తాను. కదల్లేదు. రంగు... అంచులన్నీ నిండుగా, మందంగా. మా నాన్న చేతిపని.

మార్జొరీ పెరడు పక్కనే. "మార్జొరీ!" అని అరిచాను. చెవుల్లో పాటలు పెట్టుకుని పడుకుంది. ఫోన్ వెన్న పక్కన ఉంది. గోడ అవతల క్రికెట్ వినిపిస్తోంది. నాన్న మళ్లీ పెట్టుకున్నాడు. హమ్మయ్య, బాగానే ఉన్నాడు.

గోడ మీద కొట్టాను. మూడుసార్లు.

రేడియో తగ్గింది.

నవ్వొచ్చింది నాకు. నిజంగా నవ్వాను. మళ్లీ కొట్టాను, గట్టిగా. "నాన్నా! నేను! గ్లెనిస్‌ని!"

ఇంకా తగ్గింది.

అప్పుడు నవ్వు పోయింది. చెమట కళ్లలో పడుతోంది. నాలుక అంగిలికి అంటుకుంటోంది. ఆవిడకని తెచ్చిన జగ్గెత్తి గటగటా తాగేశాను, చివరి చుక్క దాకా. దించేసరికి...

టక్... టక్... టక్.

నేను కాదు. నా మోకాలి పక్కన. గోడకి ఇటువైపు.

మూలకి ఒదిగి నిలబడ్డాను. అవతల రేడియో పూర్తిగా ఆగిపోయింది. నాన్న ఏమయ్యాడు... పడిపోయాడా... ఒక్కడే ఉన్నాడు. నేను అయిదు నిమిషాలన్నాను.

ఎంతసేపో తెలీదు. వీధితలుపులో ఉత్తరాలు వేసే కన్నం మీది రేకు టపీమని లేచింది.

"మిస్ హెబ్డన్..." నాన్న గొంతు. రొప్పుతూ. ఎలా వచ్చాడో! "నీళ్లు తెచ్చానమ్మా. ఆలస్యమైంది... పట్టుకోండి."

"నాన్నా! నేనిక్కడ! వెనక గదిలో!"

ఆయనకి చెవుడు. నాకు లేదు. నా తలుపుకీ వీధితలుపుకీ మధ్య ఉన్న ఆ ఇరుకు నడవాలో ఎవరో నీళ్లు తాగుతున్నారు. గుటక... గుటక... గుటక. ఆగకుండా. గ్లాసు మళ్లీ నిండిన చప్పుడు. మళ్లీ గుటకలు. అయిదు గ్లాసులు లెక్కపెట్టాను.

"పోనీ మా ఇంటికి వచ్చెయ్యండి" అన్నాడు నాన్న. "మా ఇంట్లో కాస్త చల్లగా ఉంది."

రేకు పడింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

అప్పుడు పగలగొట్టాను అద్దం, చేతిలో ఉన్న పిడితోనే. సిగ్గు లేకుండా చెబుతున్నా, అంతవరకూ పరాయి ఇంటి కిటికీ అని చెయ్యి రాలేదు. చావుకంటే మర్యాద తప్పడమే ఎక్కువ భయం మాకు. ఆ కన్నంలోంచి అరిస్తే మార్జొరీ లేచింది. తాళంచెవి బయటికి విసిరాను. తను వీధివైపునుంచి వచ్చి, లోపలికొచ్చి, పిడి దూర్చి తలుపు తీసింది.

"మీ నాన్న గుమ్మం ముందు కూర్చున్నాడు గ్లెనిస్! చెప్పుల్లేకుండా! ఏమిటే మీ ఇద్దరి వేషాలు?" అంది.

ఇంకో ఖాళీ జగ్గూ, గ్లాసూ ఒళ్లో పెట్టుకుని, నీడలో గోడకానుకుని ఉన్నాడు. బతికే ఉన్నాడు. ఇద్దరం మోసుకొచ్చి, స్వెట్టర్ చింపి తీసేసి, తడి దుప్పటి చుట్టాం. ఏడుస్తూనే తిట్టాను. సాయంత్రానికి మొహంలో రంగొచ్చింది.

"ఈసారి వెళ్లాను గ్లెనిస్" అన్నాడు. చిన్నపిల్లాడిలా సంతోషంగా.

"ఎవరికిచ్చావు నీళ్లు?"

"ఆవిడకే. రేకులోంచి చెయ్యి బయటికి పెట్టింది. చల్లటి చెయ్యి. గోళ్ల నిండా రంగు." తన గోళ్లు చూసుకున్నాడు. "క్రీము రంగు."

బుధవారం వాన పడింది. నాన్న నవంబరు దాకా ఉన్నాడు. రేడియో గట్టిగా పెట్టుకుని వినేవాడు, గోడ మీద ఒక్క దెబ్బ కూడా లేదు. నిద్రలోనే పోయాడు. నేను గెలిచాననే అనుకున్నాను. ఆ వెనక గది మూసేశాను.

ఏప్రిల్‌లో పక్కింట్లోకి పడుచు జంట దిగారు, చంటిపాపతో. జూన్ మొదలయ్యేసరికి మళ్లీ ఎండలు. ఇవాళ మధ్యాహ్నం ఆ అమ్మాయి, నయోమి, పళ్లెంలో బిస్కెట్లు పట్టుకుని వచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, సిగ్గుతో.

"ఏమీ అనుకోకండి, పాప ఏడుపు మీకు ఇబ్బందిగా ఉన్నట్టుంది" అంది. "మీరు గోడ కొట్టినప్పుడల్లా టీవీ తగ్గిస్తూనే ఉన్నాం. నిన్నటినుంచి అసలు పెట్టడమే మానేశాం. అయినా మీరింకా..."

"ఏ గది?"

"మీ వెనక గదండీ."

"సారీ" అన్నాను. పళ్లెం తీసుకుని తలుపు వేశాను.

నడవాలోకి వెళ్లి చూస్తే వెనక గది తలుపు పిడి ఊడి నేల మీద పడి ఉంది. వంటింట్లోకి వెళ్లి జగ్గు నిండా నీళ్లు పట్టుకొచ్చాను. ఒక చేతిలో జగ్గు, ఒక చేతిలో పిడి. ఇలా నిలబడి గంట దాటింది. ఈసారి వెళ్లాలి, అది నాకు తెలుసు. పక్కింటి వాళ్లు పాపని కూడా ఊరుకోబెట్టినట్టున్నారు, ఎక్కడా చప్పుడు లేదు.

లోపల ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు నాకు తెలుసు.